మల్టీథ్రెడ్ ప్రోగ్రాముల లింకింగ్ ఎర్రర్లు: సైబరాబాద్ ఐటీ కారిడార్ నేపథ్యంలో

నిర్వచనం, పరిధి

ఒకే ప్రోగ్రాంలో అనేక పనులు ఏకకాలంలో సాగేలా రాస్తే దాన్ని మల్టీథ్రెడ్ ప్రోగ్రాం అంటారు. కొత్త థ్రెడ్‌ను పుట్టించడం, ఒక థ్రెడ్ ముగిసేదాకా మరొకటి ఆగడం, ఉమ్మడి డేటాకు తాళం వేయడం వంటి పనులు చేసే ఫంక్షన్లను ప్రోగ్రామర్ రాసుకోడు. అవి లైబ్రరీలో ఉంటాయి. కంపైలర్ తయారు చేసిన ఆబ్జెక్ట్ ఫైళ్లను ఆ లైబ్రరీతో కలిపే పని లింకర్‌ది. కావలసిన ఫంక్షన్ ఎక్కడా దొరకకపోయినా, ఒకటికి రెండు దొరికినా, దొరికినది వేరే రకం యంత్రానికి చెందినదైనా బిల్డ్ ఆగిపోతుంది. వీటినే లింకింగ్ ఎర్రర్లు అంటారు.

ఈ వ్యాసం సీ, సీ ప్లస్‌ప్లస్ భాషలకు పరిమితం. ప్రధానంగా లినక్స్‌నూ, కొంతమేరకు విండోస్‌నూ చర్చిస్తుంది. జావా, పైథాన్ వాడేవారికి ఈ ఎర్రర్లు నేరుగా ఎదురుకావు. అయితే సీలో రాసిన ఎక్స్‌టెన్షన్‌ను పైథాన్ ఇన్‌స్టాలర్ తమ యంత్రంపైనే బిల్డ్ చేసినప్పుడు వారికీ తప్పవు. ఆదేశాలనూ ఎర్రర్ సందేశాలనూ ఇక్కడ ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలో ఇచ్చాం. కీబోర్డుపై వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి.

సైబరాబాద్ నేపథ్యం

మాదాపూర్‌లోని సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్ 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. అదే ఏడాది గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. మైక్రోసాఫ్ట్ తన ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్‌ను హైదరాబాద్‌లో నెలకొల్పినదీ ఆ సంవత్సరమే. 2003లో సైబరాబాద్ పేరుతో ప్రత్యేక పోలీస్ కమిషనరేట్ ఏర్పడే నాటికి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఒక వరుసగా కలిసిపోవడం మొదలైంది. 2019లో మెట్రో రైలు మార్చిలో హైటెక్ సిటీకీ, నవంబర్‌లో రాయదుర్గానికీ చేరింది.

ఈ కారిడార్‌లో జరిగే పనిలో పెద్ద వాటా వెబ్, డేటాబేస్, టెస్టింగ్ రంగాలది. దాని పక్కనే క్వాల్‌కామ్, ఏఎండీ, ఎన్‌విడియా, మైక్రాన్, ఇంటెల్ వంటి సంస్థల కేంద్రాలున్నాయి. చిప్ డ్రైవర్లు, కంపైలర్లు, ఎంబెడెడ్ ఫర్మ్‌వేర్ వంటి పనులకు ఈ రంగంలో నేటికీ సీ, సీ ప్లస్‌ప్లస్ భాషలే ఆధారం. బ్యాంకులు, టెలికాం సంస్థల పాత సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను నిర్వహించే బృందాల చేతిలోనూ ఈ రెండు భాషల కోడ్ ఉంటుంది.

ఇక్కడి పని తీరులో ఒక లక్షణం ఈ విషయానికి కీలకం. కోడ్ రాసేది ఒక యంత్రంపైన, అది నడిచేది వేరొక దేశంలోని క్లయింటు సర్వర్‌పైన. డెవలపర్ ల్యాప్‌టాప్‌లో కొత్త ఉబుంటు ఉంటుంది, క్లయింటు దగ్గర ఏళ్ల నాటి రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ ఉంటుంది. థ్రెడ్ లైబ్రరీల ఎర్రర్లలో పరిష్కారం దొరక్క ఎక్కువ కాలం పీడించేవి ఈ తేడా వల్ల పుట్టినవే.

థ్రెడ్ లైబ్రరీల చరిత్ర

యూనిక్స్ వ్యవస్థల్లో థ్రెడ్లకు ఉమ్మడి ప్రమాణం 1995లో వచ్చింది. ఐట్రిపుల్ఈ 1003.1సీ పేరుతో వెలువడిన ఈ ప్రమాణాన్ని పోసిక్స్ థ్రెడ్స్, వాడుకలో పీథ్రెడ్స్ అంటారు. లినక్స్‌లో దీన్ని తొలుత అమలు చేసినది ఫ్రాన్స్‌కు చెందిన జేవియర్ లెరాయ్ రాసిన లినక్స్‌థ్రెడ్స్. అందులో ప్రతి థ్రెడ్‌కూ వేరే ప్రాసెస్ నంబరు ఉండేది, సిగ్నళ్ల విషయంలోనూ ప్రమాణానికి పూర్తిగా కట్టుబడలేదు. ఉల్రిష్ డ్రెప్పర్, ఇంగో మోల్నార్ 2002లో ప్రతిపాదించిన నేటివ్ పోసిక్స్ థ్రెడ్ లైబ్రరీ, అంటే ఎన్‌పీటీఎల్, ఈ లోపాలను సరిదిద్దింది. 2003లో రెడ్‌హ్యాట్ లినక్స్ 9తోనూ, ఆ ఏడాది డిసెంబర్‌లో వచ్చిన 2.6 కర్నల్‌తోనూ అది వ్యాప్తిలోకి వచ్చింది. 2006లో వచ్చిన గ్నూ సీ లైబ్రరీ (జీలిబ్‌సీ) 2.4 నుంచి లినక్స్‌థ్రెడ్స్ పూర్తిగా తొలగిపోయింది.

ఈ మార్పులన్నిటిలోనూ ఒక ఏర్పాటు మాత్రం చెక్కుచెదరలేదు. జీలిబ్‌సీ థ్రెడ్ ఫంక్షన్లను ప్రధాన సీ లైబ్రరీలో పెట్టక లిబ్‌పీథ్రెడ్ అనే వేరే ఫైల్‌లో ఉంచింది. ఒకే థ్రెడ్‌తో నడిచే ప్రోగ్రాంపై తాళాల భారం పడకూడదన్నది ఆ ఏర్పాటుకు కారణం. అందుకోసం ప్రధాన లైబ్రరీలో కొన్ని ఫంక్షన్లకు ఉత్తుత్తి రూపాలు పెట్టారు. ఉదాహరణకు పీథ్రెడ్_మ్యూటెక్స్_లాక్ ప్రధాన లైబ్రరీలో పేరుకు ఉండేది, పిలిస్తే ఏమీ చేయకుండా విజయవంతమైనట్టు తిరిగొచ్చేది. పీథ్రెడ్_క్రియేట్, పీథ్రెడ్_జాయిన్ వంటివాటికి అలాంటి రూపం లేదు. కోడ్‌లో పది రకాల పీథ్రెడ్ ఫంక్షన్లు వాడినా ఎర్రర్ సందేశంలో క్రియేట్, జాయిన్ రెండే కనబడడం చాలామందికి వింతగా తోచేది, కారణం ఇదే.

ఇతర వ్యవస్థలు వేరే దారి పట్టాయి. 2005లో విడుదలైన సోలారిస్ 10 థ్రెడ్ లైబ్రరీని ప్రధాన సీ లైబ్రరీలో కలిపేసింది. మ్యాక్‌ఓఎస్‌లో థ్రెడ్లు లిబ్‌సిస్టమ్‌లో అంతర్భాగం. ఆల్పైన్ లినక్స్ వాడే మస్ల్ లైబ్రరీలోనూ అంతే. జీలిబ్‌సీ ఆ నిర్ణయానికి 2021 ఆగస్టులో వచ్చింది. ఆ నెల విడుదలైన 2.34 వెర్షన్ లిబ్‌పీథ్రెడ్‌ను, దానితోపాటు లిబ్‌డీఎల్‌ను ప్రధాన లైబ్రరీలో విలీనం చేసింది. (చూడండి: విలీనం తర్వాతి పరిస్థితి)

లింకర్ పనితీరు

సోర్స్ ఫైల్ నాలుగు దశలు దాటి నడుస్తుంది. కంపైలర్ దాన్ని ఆబ్జెక్ట్ ఫైల్‌గా మారుస్తుంది. లింకర్ ఆబ్జెక్ట్ ఫైళ్లను, లైబ్రరీలను కలిపి ఎగ్జిక్యూటబుల్ తయారు చేస్తుంది. ప్రోగ్రాంను ప్రారంభించినప్పుడు లోడర్ అందుకు కావలసిన షేర్డ్ లైబ్రరీలను మెమరీలోకి తెస్తుంది. ఆ తర్వాత ప్రోగ్రాం నడక. ఎర్రర్ ఈ నాలుగింటిలో ఏ దశకు చెందినదో ముందుగా తేల్చుకోవాలి. హెడర్ ఫైల్ దొరకలేదన్నది మొదటి దశ ఫిర్యాదు. దానికి లైబ్రరీ ఫ్లాగులు ఎన్ని చేర్చినా ప్రయోజనం లేదు. హెడర్ చేర్చినంత మాత్రాన లైబ్రరీ కలిసిపోదు కాబట్టి రెండో దశలో మళ్లీ ఆగవచ్చు. హెడర్ ఫంక్షన్ ఇలా ఉంటుందని మాత్రమే చెబుతుంది. ఫంక్షన్ శరీరం లైబ్రరీలో ఉంటుంది.

గ్నూ లింకర్ ఆదేశంలోని ఫైళ్లను ఎడమ నుంచి కుడికి ఒక్కసారే చదువుతుంది. ఆబ్జెక్ట్ ఫైల్ ఎదురైతే అందులో ఉన్న పేర్లనూ, దానికి ఇంకా కావలసిన పేర్లనూ నమోదు చేసుకుంటుంది. స్టాటిక్ లైబ్రరీ ఎదురైతే, అప్పటివరకు కావలసిన పేర్ల జాబితాలో ఉన్నవాటికి సంబంధించిన భాగాలను మాత్రమే తీసుకుని ముందుకు వెళుతుంది. లైబ్రరీని ముందు రాసి, దాన్ని వాడే ఆబ్జెక్ట్ ఫైల్‌ను తర్వాత రాస్తే, లైబ్రరీ వద్దకు వచ్చేసరికి జాబితా ఖాళీగా ఉంటుంది. లింకర్ అందులోంచి ఏమీ తీసుకోదు, వెనక్కి కూడా రాదు. ఎల్‌ఎల్‌వీఎం ప్రాజెక్టుకు చెందిన ఎల్‌ఎల్‌డీ లింకర్ ఆర్కైవ్‌లలోని పేర్లను గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి ఈ విషయంలో అంత పట్టింపు ఉండదు. ఒక లింకర్‌తో సాఫీగా సాగిన బిల్డ్ మరో లింకర్‌తో విఫలం కావడానికి ఇదొక కారణం.

ఎర్రర్ల రకాలు, పరిష్కారాలు

పేరు దొరకని ఎర్రర్. "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు పీథ్రెడ్_క్రియేట్" అన్నది ఈ కోవలో అత్యంత సుపరిచితం. 2.34 కంటే ముందరి జీలిబ్‌సీ ఉన్న యంత్రంపై థ్రెడ్ ఫ్లాగ్ ఇవ్వకుండా బిల్డ్ చేస్తే వస్తుంది. దీనికి రెండు మందులు ప్రచారంలో ఉన్నాయి: -ఎల్‌పీథ్రెడ్, -పీథ్రెడ్. రెండూ ఒకటి కావు. మొదటిది ఫలానా లైబ్రరీని కలపమని లింకర్‌కు చెప్పే మాట మాత్రమే. రెండోది కంపైలర్ డ్రైవర్‌కు ఇచ్చే ఫ్లాగ్. అది కంపైల్ దశలో రీఎంట్రెంట్ వంటి మాక్రోలను నిర్వచిస్తుంది, లింక్ దశలో ఆ వ్యవస్థకు తగిన లైబ్రరీని చేరుస్తుంది. కాబట్టి -పీథ్రెడ్ మేలైనది. దాన్ని కంపైల్ ఆదేశంలోనూ లింక్ ఆదేశంలోనూ ఇవ్వాలి.

వరుస తప్పిన ఎర్రర్. ఫ్లాగ్ ఉన్నా అదే సందేశం వస్తుంటే దాని స్థానాన్ని చూడాలి. 2011 అక్టోబర్‌లో వచ్చిన ఉబుంటు 11.10 నుంచి ఆ వ్యవస్థలో లింకర్‌కు -యాజ్-నీడెడ్ పద్ధతి డిఫాల్ట్ అయింది. ఆ పద్ధతిలో, ఆదేశంలో తనకంటే ముందున్న ఫైళ్లకు అవసరపడని షేర్డ్ లైబ్రరీని లింకర్ వదిలేస్తుంది. అంతకుముందు సోర్స్ ఫైల్‌కు ముందు -ఎల్‌పీథ్రెడ్ రాసినా నడిచిపోయిన బిల్డ్ స్క్రిప్టులు ఆ తర్వాత విఫలమయ్యాయి. నియమం సులువైనదే: ముందు సోర్స్ లేదా ఆబ్జెక్ట్ ఫైళ్లు, వాటి తర్వాత వాటికి కావలసిన లైబ్రరీలు, ఆ లైబ్రరీలకు కావలసినవి చివర. రెండు స్టాటిక్ లైబ్రరీలు పరస్పరం ఆధారపడితే వాటిని -స్టార్ట్-గ్రూప్, -ఎండ్-గ్రూప్ మధ్య ఉంచాలి. అప్పుడు లింకర్ ఆ గుంపును మళ్లీ మళ్లీ చదువుతుంది.

పరోక్ష లైబ్రరీ ఎర్రర్. "డీఎస్‌ఓ మిస్సింగ్ ఫ్రమ్ కమాండ్ లైన్" అనే సందేశం దీనికి గుర్తు; డీఎస్‌ఓ అంటే షేర్డ్ లైబ్రరీయే. ప్రోగ్రాం వాడే ఒక షేర్డ్ లైబ్రరీ తనంతట తాను లిబ్‌పీథ్రెడ్‌పై ఆధారపడి ఉంటుంది. ప్రోగ్రాం కూడా పీథ్రెడ్ ఫంక్షన్లను నేరుగా పిలుస్తుంది, అయితే ఆదేశంలో ఆ లైబ్రరీ పేరు ఉండదు. ఒకప్పుడు లింకర్ దాన్ని పరోక్షంగా వాడుకోనిచ్చేది. 2010లో ఫెడోరా 13, 2011లో గ్నూ లింకర్ ఉండే బినుటిల్స్ ప్యాకేజీ 2.22 వెర్షన్ ఆ వెసులుబాటును ఎత్తివేశాయి. ఈ సందేశంలో లింకర్ కావలసిన లైబ్రరీ పేరు కూడా చెబుతుంది. నేరుగా వాడే ప్రతి లైబ్రరీనీ ఆదేశంలో పేర్కొనడమే పరిష్కారం.

లైబ్రరీయే కనబడని ఎర్రర్. "క్యానాట్ ఫైండ్ -ఎల్‌పీథ్రెడ్" అంటే ఫంక్షన్ దాకా పోలేదు, ఫైలే లేదని అర్థం. రెడ్‌హ్యాట్ కుటుంబంలో -స్టాటిక్‌తో బిల్డ్ చేస్తుంటే జీలిబ్‌సీ-స్టాటిక్ ప్యాకేజీ లేకపోవడం, డెబియన్ కుటుంబంలో లిబ్‌సీ6-డెవ్ లేకపోవడం సాధారణ కారణాలు. 64 బిట్ యంత్రంపై 32 బిట్ ప్రోగ్రాం బిల్డ్ చేస్తే "స్కిప్పింగ్ ఇన్‌కంపాటిబుల్" అన్న వాక్యం ముందుగా వస్తుంది. అంటే ఫైల్ దొరికింది, అయితే అది వేరే ఆర్కిటెక్చర్‌ది.

సీ ప్లస్‌ప్లస్ పేర్ల తేడా. సీ ప్లస్‌ప్లస్ కంపైలర్ ఫంక్షన్ పేరుకు దాని పరామితుల రకాలను జోడించి కొత్త పేరు సృష్టిస్తుంది. సీలో రాసిన లైబ్రరీని ఎక్స్‌టర్న్ సీ అనే ప్రకటన లేకుండా వాడితే పేర్లు కలవవు. ఎర్రర్‌లో ఫంక్షన్ పేరు పక్కన కుండలీకరణాల్లో పరామితుల రకాలు కనబడితే లింకర్ సీ ప్లస్‌ప్లస్ పేరును వెతుకుతోందని గ్రహించాలి. 2015లో గ్నూ కంపైలర్ జీసీసీ 5 స్ట్రింగ్ రకానికి కొత్త రూపం తెచ్చింది. అప్పటినుంచి పాత కంపైలర్‌తో చేసిన వెండర్ లైబ్రరీలతో "సీఎక్స్‌ఎక్స్11" అన్న మాట ఉన్న ఎర్రర్లు వస్తుంటాయి. వాటికి థ్రెడ్లతో సంబంధం లేదు. థ్రెడ్ ఫ్లాగులు చేర్చి వాటిని సరిచేయాలని చూడడం కాలం వృథా.

నడిచేటప్పుడు బయటపడే ఎర్రర్. ఇది అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే బిల్డ్ సజావుగా ముగుస్తుంది. 2011 ప్రమాణంలో సీ ప్లస్‌ప్లస్‌కు సొంత థ్రెడ్ తరగతి వచ్చింది. జీసీసీ 4 తరంలో -పీథ్రెడ్ లేకుండా దాన్ని వాడిన ప్రోగ్రాం లింక్ అయ్యేది, నడిపితే "ఎనేబుల్ మల్టీథ్రెడింగ్ టు యూజ్ ఎస్‌టీడీ థ్రెడ్: ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అని ఆగిపోయేది. పర్మిషన్ అన్న మాట చూసి రూట్ యూజర్‌గా నడిపినా లాభం ఉండేది కాదు. జీసీసీ పీథ్రెడ్ ఫంక్షన్లను వీక్ సింబళ్లుగా పిలవడం దీనికి మూలం. వీక్ సింబల్ దొరకకపోయినా లింకర్ ఫిర్యాదు చేయదు, దాని చిరునామాను సున్నాగా పెట్టి సాగిపోతుంది.

స్టాటిక్ లింకింగ్‌లో అదే కారణం మరో రూపం దాల్చింది. వీక్ సింబల్ కోసం లింకర్ ఆర్కైవ్‌లోంచి భాగాలను తీసుకోదు. దాంతో -స్టాటిక్‌తో చేసిన ప్రోగ్రాం సున్నా చిరునామాకు దూకి సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో పడిపోయేది. లిబ్‌పీథ్రెడ్‌ను -హోల్-ఆర్కైవ్, -నో-హోల్-ఆర్కైవ్ మధ్య ఉంచి మొత్తం లైబ్రరీని కలపడమే పాత జీలిబ్‌సీపై మార్గం. రెండో ఫ్లాగ్ మరచిపోతే ఆ తర్వాతి లైబ్రరీలన్నీ పూర్తిగా కలిసి, కొత్తగా రెట్టింపు నిర్వచనాల ఎర్రర్లు వస్తాయి.

విలీనం తర్వాతి పరిస్థితి

జీలిబ్‌సీ 2.34, ఆపై వెర్షన్లు ఉన్న వ్యవస్థల్లో ఫ్లాగ్ ఇవ్వకపోయినా పీథ్రెడ్_క్రియేట్ లింక్ అవుతుంది. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9, అమెజాన్ లినక్స్ 2023లలో 2.34, ఉబుంటు 22.04లో 2.35, డెబియన్ 12లో 2.36 ఉన్నాయి. -ఎల్‌పీథ్రెడ్ అని రాసిన పాత మేక్‌ఫైళ్లు విఫలం కాకుండా ఖాళీ లిబ్‌పీథ్రెడ్ ఆర్కైవ్‌ను అలాగే ఉంచారు. పాత యంత్రంపై చేసిన ఎగ్జిక్యూటబుళ్లు కొత్త యంత్రంపై నడవడానికి వీలుగా లిబ్‌పీథ్రెడ్ షేర్డ్ ఫైల్ కూడా పేరుకు మిగిలింది.

వ్యతిరేక దిశలో మాత్రం దారి లేదు. ఉబుంటు 22.04పై బిల్డ్ చేసిన ప్రోగ్రాంను రెడ్‌హ్యాట్ 8పై నడిపితే "వెర్షన్ జీలిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్" అని లోడర్ నిలిపేస్తుంది. జీలిబ్‌సీలోని ప్రతి ఫంక్షన్‌కూ ఒక వెర్షన్ ముద్ర ఉంటుంది. 64 బిట్ ఇంటెల్ రకం యంత్రాలపై పీథ్రెడ్_క్రియేట్‌కు పాత ముద్ర 2.2.5, విలీనం తర్వాత చేసిన బిల్డ్‌లో 2.34. థ్రెడ్లే వాడని చిన్న ప్రోగ్రాం కూడా ఈ చిక్కులో పడుతుంది, ఎందుకంటే ప్రతి ప్రోగ్రాంను ప్రారంభించే లిబ్‌సీ_స్టార్ట్_మెయిన్ అనే అంతర్గత ఫంక్షన్‌కు కూడా 2.34లో కొత్త ముద్ర పడింది.

డెవలపర్ యంత్రమూ క్లయింటు సర్వరూ వేరుగా ఉండే సైబరాబాద్ పనిలో ఇది కేవలం సాంకేతిక సూక్ష్మం కాదు. రెడ్‌హ్యాట్ 7లో జీలిబ్‌సీ 2.17, రెడ్‌హ్యాట్ 8లో 2.28, అమెజాన్ లినక్స్ 2లో 2.26 ఉన్నాయి. క్లయింటు సర్వర్‌లో జీలిబ్‌సీ ఫైల్‌ను చేత్తో మార్చడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. ఆ ఫైల్‌పైనే దాదాపు ప్రతి కమాండ్ ఆధారపడి ఉంటుంది, సర్వర్ లేవకుండా పోవచ్చు. మద్దతు ఇవ్వవలసిన వ్యవస్థల్లో అతి పాతదానిపై బిల్డ్ చేయడమే సరైన పద్ధతి. అందుకు పాత యంత్రం అక్కర్లేదు, ఆ వెర్షన్ కంటెయినర్ చాలు. పైథాన్ ప్రపంచంలో మెనీలినక్స్2014 అనే ప్రమాణం ఇదే సూత్రంపై, జీలిబ్‌సీ 2.17ను ఆధారం చేసుకుని ఏర్పడింది.

సమస్య మరో దిశ నుంచి కూడా వస్తుంది. విలీనం తర్వాతి యంత్రంపై మాత్రమే పని చేసిన డెవలపర్ బిల్డ్ ఫైల్‌లో థ్రెడ్ ఫ్లాగ్ రాయడు, రాయాల్సిన అవసరం అతనికి ఎన్నడూ కనబడదు. అదే కోడ్ రెడ్‌హ్యాట్ 8 బిల్డ్ సర్వర్‌కు చేరినప్పుడు ఆగుతుంది. "నా యంత్రంపై నడుస్తోంది" అన్న మాట అక్కడ నిజమే, కారణం మాత్రం కోడ్‌లో కాక జీలిబ్‌సీ వెర్షన్‌లో ఉంటుంది.

బిల్డ్ ఫైళ్లలో పాటించవలసినవి

మేక్ పనిముట్టు సొంత నియమంలో ఎల్‌డీఫ్లాగ్స్ అనే చరరాశి ఆబ్జెక్ట్ ఫైళ్లకు ముందు, ఎల్‌డీలిబ్స్ అనేది తర్వాత వస్తాయి. లైబ్రరీలను ఎల్‌డీఫ్లాగ్స్‌లో రాయడం పాత మేక్‌ఫైళ్లలో తరచూ కనబడే పొరపాటు. అవి ఎల్‌డీలిబ్స్‌లో ఉండాలి. ఆటోటూల్స్ వాడేవారికి ఏఎక్స్_పీథ్రెడ్ మాక్రో వ్యవస్థను బట్టి సరైన ఫ్లాగ్‌ను వెతికిపెడుతుంది.

సీమేక్‌లో ఫైండ్_ప్యాకేజ్‌తో థ్రెడ్స్‌ను తప్పనిసరిగా కోరి, టార్గెట్_లింక్_లైబ్రరీస్‌లో థ్రెడ్స్::థ్రెడ్స్ అని ఇవ్వాలి. ఈ టార్గెట్ 2014 డిసెంబర్‌లో వచ్చిన సీమేక్ 3.1 నుంచి ఉంది. ఇక్కడ కొత్తవారిని బాగా తప్పుదోవ పట్టించే విషయం ఒకటుంది. థ్రెడ్ లైబ్రరీ ఎక్కడుందో తెలుసుకోవడానికి సీమేక్ చిన్న చిన్న ప్రోగ్రాములను లింక్ చేసి చూస్తుంది. వాటిలో కొన్ని విఫలమవడం సహజం. కాన్ఫిగరేషన్ మరే కారణంతోనో ఆగినప్పుడు లాగ్ తెరిస్తే అందులో "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు పీథ్రెడ్_క్రియేట్", "క్యానాట్ ఫైండ్ -ఎల్‌పీథ్రెడ్స్" అన్న వాక్యాలు కనబడతాయి. అవి అసలు జబ్బు కావు. చివర ఎస్ ఉన్న ఆ రెండో లైబ్రరీ లినక్స్‌లో లేనే లేదు. లేని లైబ్రరీని ఇన్‌స్టాల్ చేయడానికి ప్రయత్నించకుండా తెరపై వచ్చిన అసలు సందేశం దగ్గరికి తిరిగి వెళ్లాలి.

పీథ్రెడ్‌కు చెందని బంధువులు

ఓపెన్‌ఎంపీ వాడిన ప్రోగ్రాంలో ఓఎంపీ_గెట్_థ్రెడ్_నమ్ దొరకలేదని వస్తే -ఎఫ్‌ఓపెన్‌ఎంపీ ఫ్లాగ్‌ను కంపైల్, లింక్ దశలు రెంటిలో ఇవ్వాలి. జీసీసీ దీనికి లిబ్‌గాంప్‌ను, క్లాంగ్ లిబ్‌ఓఎంపీని వాడతాయి. జీసీసీ 9 నుంచి వచ్చిన సీ ప్లస్‌ప్లస్ 17 సమాంతర అల్గారిథమ్‌లకు ఇంటెల్ టీబీబీ లైబ్రరీ కావాలి. బూస్ట్ థ్రెడ్ వాడే పాత ప్రాజెక్టుల్లో జెనరిక్_కేటగిరీ దొరకలేదన్న ఎర్రర్ బూస్ట్ సిస్టమ్ లైబ్రరీని కోరుతుంది. 2018 డిసెంబర్‌లో వచ్చిన బూస్ట్ 1.69 నుంచి ఆ లైబ్రరీ హెడర్లకే పరిమితమైంది. 32 బిట్ చిప్‌లపై 64 బిట్ విలువలను అటామిక్‌గా మార్చే కోడ్‌లో అటామిక్_లోడ్_8 దొరకకపోతే -ఎల్‌అటామిక్ చేర్చాలి.

ఎంబెడెడ్, ఆండ్రాయిడ్ రంగాలు

చిప్ కంపెనీల్లో బిల్డ్ చేసే యంత్రం ఇంటెల్ రకం, నడిపే పరికరం ఆర్మ్ రకం. క్రాస్ కంపైలర్‌కు పరికరానికి చెందిన లైబ్రరీల దారిని సిస్‌రూట్ ద్వారా చూపాలి. చూపకపోతే అది ఆతిథ్య యంత్రపు లైబ్రరీని కనుగొని, పనికిరాదని వదిలేసి, చివరకు లైబ్రరీయే లేదంటుంది. ఆండ్రాయిడ్ వాడే బయోనిక్ లైబ్రరీలో థ్రెడ్లు మొదటినుంచీ సీ లైబ్రరీలోనే ఉన్నాయి. విడిగా లిబ్‌పీథ్రెడ్ లేదు. అందువల్ల లినక్స్ నుంచి తెచ్చిన కోడ్‌లో -ఎల్‌పీథ్రెడ్ ఉంటే ఆండ్రాయిడ్ బిల్డ్ ఆ ఫ్లాగ్ వల్లనే ఆగుతుంది. ఇక్కడ పరిష్కారం దాన్ని తీసేయడం.

విండోస్‌లో

సైబర్ టవర్స్ తెరిచిన ఏడాదే విడుదలైన విజువల్ సీ ప్లస్‌ప్లస్ 6లో సింగిల్ థ్రెడ్‌కూ మల్టీథ్రెడ్‌కూ వేర్వేరు రన్‌టైమ్ లైబ్రరీలు ఉండేవి. సింగిల్ థ్రెడ్ లైబ్రరీని ఎంచుకుని థ్రెడ్లు వాడితే బిగిన్‌థ్రెడ్‌ఈఎక్స్ దొరకలేదని లింకర్ చెప్పేది. 2005 వెర్షన్‌లో సింగిల్ థ్రెడ్ లైబ్రరీని తొలగించడంతో ఆ ఎర్రర్ అంతరించింది. మిగిలినది స్టాటిక్ రన్‌టైమ్ ఎంటీ, డీఎల్‌ఎల్ రన్‌టైమ్ ఎండీ మధ్య పేచీ. ప్రాజెక్టులో ఒక లైబ్రరీ ఎంటీతో, మరొకటి ఎండీతో తయారైతే ఎల్‌ఎన్‌కే2038 లేదా ఎల్‌ఎన్‌కే4098 వస్తుంది. నోడిఫాల్ట్‌లిబ్ ఫ్లాగ్‌తో దాన్ని అణచివేయడం ప్రచారంలో ఉన్నా అది రోగాన్ని దాచడమే. అన్ని భాగాలనూ ఒకే రన్‌టైమ్‌తో మళ్లీ బిల్డ్ చేయాలి.

ఎర్రర్‌ను నిర్ధారించే పద్ధతి

బిల్డ్ విఫలమైనప్పుడు చివరి వాక్యం "కలెక్ట్2: ఎర్రర్: ఎల్‌డీ రిటర్న్‌డ్ 1 ఎగ్జిట్ స్టేటస్" అని ఉంటుంది. లింకర్ విఫలమైందని తప్ప అది మరేమీ చెప్పదు. సమాచారం మొదటి ఎర్రర్‌లో ఉంటుంది. ఒక లైబ్రరీ ఫలానా ఫంక్షన్‌ను ఇస్తోందా, కోరుతోందా అన్నది ఎన్‌ఎమ్ అనే పనిముట్టు చూపుతుంది: టీ అక్షరం ఉంటే నిర్వచనం ఉన్నట్టు, యూ ఉంటే బయటినుంచి కావాలన్నట్టు, డబ్ల్యూ ఉంటే వీక్ సింబల్. రీడ్‌ఎల్ఫ్ -డీ ఎగ్జిక్యూటబుల్‌కు కావలసిన షేర్డ్ లైబ్రరీల పేర్లు చెబుతుంది. ఎల్‌డీడీ అవి ఈ యంత్రంపై ఎక్కడ దొరుకుతున్నాయో చెబుతుంది. ఎల్‌డీడీ --వెర్షన్ అని అడిగితే జీలిబ్‌సీ వెర్షన్ తెలుస్తుంది. సీ ప్లస్‌ప్లస్ మార్చిన పేర్లను సీ++ఫిల్ట్ మామూలు రూపంలోకి తెస్తుంది. లింకర్ ఏ ఫైళ్లను నిజంగా తెరిచిందో తెలుసుకోవడానికి -ట్రేస్, ఒక పేరు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవడానికి -ట్రేస్-సింబల్ ఉన్నాయి.

బిల్డ్ సాధనం తెరవెనుక ఇచ్చిన పూర్తి ఆదేశాన్ని బయటికి తీయడం వీటన్నిటికంటే ముందు చేయవలసిన పని. మేక్‌లో వీ=1 లేదా వెర్బోస్=1, నింజాలో -వీ దీనికి పనికొస్తాయి. ఫ్లాగ్ రాశామనుకోవడం వేరు, అది లింకర్‌కు చేరడం వేరు. సహోద్యోగిని సాయం అడిగేటప్పుడు ఆ పూర్తి ఆదేశం, మొదటి ఎర్రర్, జీలిబ్‌సీ వెర్షన్ మూడూ ఇస్తే సగం పని ముగిసినట్టే.

నగరంలో బోధన

ఈ విషయం నగరంలో రెండు దారుల్లో నేర్చుకుంటారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ, జేఎన్‌టీయూ పరిధిలోని ఇంజినీరింగ్ కళాశాలల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో భాగంగా పీథ్రెడ్స్ పరిచయమవుతాయి. కంది వద్దనున్న ఐఐటీ హైదరాబాద్‌లో కంపైలర్ పరిశోధన సాగుతోంది. ఎల్‌ఎల్‌వీఎం ఆధారంగా అక్కడ రూపొందిన ఐఆర్2వెక్ 2020లో ప్రచురితమైంది. రెండో దారి అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ కేంద్రాలది. తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్‌ను 2005లో తెచ్చిన స్వేచ్ఛ సంస్థ విద్యార్థులను లినక్స్ వైపు మళ్లించడంలో చెప్పుకోదగ్గ పాత్ర పోషించింది.

తరగతిలో చాలాకాలం "చివర -ఎల్‌పీథ్రెడ్ పెట్టండి" అన్న ఒక్క వాక్యంతో సరిపోయింది. 2021 తర్వాతి ల్యాప్‌టాప్‌పై ఆ ఫ్లాగ్ లేకపోయినా ప్రోగ్రాం నడుస్తుంది కాబట్టి విద్యార్థి దాన్ని అనవసరమని కొట్టేస్తాడు. ఉద్యోగంలో చేరాక పాత సర్వర్ ఎదురయ్యే వరకు కారణం తెలియదు. లింకర్ ఎడమ నుంచి కుడికి చదివే తీరు, వీక్ సింబల్, వెర్షన్ ముద్ర అనే మూడింటిని ఒక ల్యాబ్ తరగతిలో ఎన్‌ఎమ్, రీడ్‌ఎల్ఫ్‌లతో చూపవచ్చు, చూపాలి కూడా.

జీలిబ్‌సీ 2.28తో నడిచే రెడ్‌హ్యాట్ 8కు నిర్వహణ మద్దతు 2029 మే వరకు ఉంది. కనీసం అప్పటివరకు సర్వర్ల కోసం రాసే ప్రతి మల్టీథ్రెడ్ ప్రోగ్రాం బిల్డ్ ఫైల్‌లో, తమ యంత్రంపై అవసరం లేకపోయినా, -పీథ్రెడ్ ఉండాలి.